సెమినార్‌కి ఏ సూపర్‌కారు తీసుకోవాలి? ఎల్ఎఫ్ఏ, కరెరా జీటీ, మెక్‌లారెన్ ఎఫ్1, ఎఫ్40 పోలిక

పోయినేడు మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఫైనల్ ఇయర్ అబ్బాయి పోర్షే కరెరా జీటీ మీద టెక్నికల్ సెమినార్ ఇచ్చాడు. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. టాప్ స్పీడు, ధర, ఎన్ని కార్లు తయారు చేశారు, అన్నీ పెట్టాడు. ఆరో స్లైడులో 'క్లచ్ ప్లేటు వ్యాసం 169 మి.మీ.' అని ఒక లైను ఉంది. ప్యానెల్‌లో కూర్చున్న సీనియర్ మేడమ్ ఒక్కటే అడిగారు: "అంత చిన్నది ఎందుకు పెట్టారు నాయనా?" అబ్బాయి స్లైడు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ లైను రాసింది తనే. దాని వెనక ఏముందో మాత్రం తెలియదు. టాపిక్ ఓకే చేసిన రోజు నేనూ ఆ మాట అడగలేదు. తప్పు నాది.

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో మెకానికల్ చదివే పిల్లలు కార్ల టాపిక్ అడిగినప్పుడల్లా దాదాపు ఈ నాలుగు పేర్ల దగ్గరే ఆగిపోతారు. నాలుగూ గొప్ప కార్లే. కానీ నాలుగూ అందరికీ సరిపోవు. ఇది కారు కొనేవాళ్ళకి రాసింది కాదు. పదిహేను నిమిషాలు ప్రొజెక్టర్ ముందు నిలబడి, ఆ తర్వాత పది నిమిషాలు ప్రశ్నలకి జవాబు చెప్పాల్సినవాళ్ళకి రాసింది.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, ఆ కారు వెనక ఒక్క ప్రశ్న ఉండాలి. 'ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని ఇబ్బందులు పడి, ఇలాగే ఎందుకు చేశారు?' అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటే సెమినార్ నిలబడుతుంది. లేకపోతే అది కంపెనీ బ్రోచర్ చదివినట్టే ఉంటుంది.

రెండోది, మీరు సొంతంగా ఒక లెక్క చేయగలగాలి. బోర్ (సిలిండర్ వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), బరువు లాంటి అంకెలు కంపెనీయే ఇచ్చింది. వాటితో మీ చేత్తో ఒక పేజీ లెక్క చేసి చూపిస్తే ప్యానెల్ తీరే మారిపోతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను.

మూడోది, చేతిలో పట్టుకుని చూపించే వస్తువు. ఈ కార్లు మన రోడ్ల మీద కనపడవు. కానీ వాటిలోని సూత్రం మన ఊళ్ళో ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది. ఆ చోటు ఏదో తెలిసిన కారునే తీసుకోండి.

ఇక మీకు ఏ సబ్జెక్టు ఇష్టమో అది కూడా చూసుకోవాలి. థర్మల్ అంటే భయపడేవాళ్ళు టర్బో జోలికి వెళితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

| | లెక్సస్ ఎల్ఎఫ్ఏ | పోర్షే కరెరా జీటీ | మెక్‌లారెన్ ఎఫ్1 | ఫెరారీ ఎఫ్40 |
|---|---|---|---|---|
| తయారైన కాలం | 2010–12 | 2003–06 | 1992–98 | 1987–92 |
| ఎన్ని కార్లు | 500 | 1,270 | 106 (రేసు కార్లతో కలిపి) | దాదాపు 1,300 |
| ఇంజిన్ | 4,805 సీసీ వి10 | 5,733 సీసీ వి10 | 6,064 సీసీ వి12 | 2,936 సీసీ వి8, రెండు టర్బోలు |
| బోర్ × స్ట్రోక్ (మి.మీ.) | 88 × 79 | 98 × 76 | 86 × 87 | 82 × 69.5 |
| హార్స్‌పవర్, ఆర్పీఎం | 560, 8,700 దగ్గర | 612, 8,000 దగ్గర | 627, 7,400 దగ్గర | 478, 7,000 దగ్గర |
| బరువు | 1,480 కిలోలు | 1,380 కిలోలు | 1,138 కిలోలు | 1,100 కిలోలు (ఆయిల్, పెట్రోలు లేకుండా) |
| గేర్లు | 6, క్లచ్ పెడల్ లేదు | 6, మాన్యువల్ | 6, మాన్యువల్ | 5, మాన్యువల్ |
| బాడీ | కార్బన్ 65%, అల్యూమినియం 35% | కార్బన్ మోనోకాక్ (ఫ్రేమ్, బాడీ ఒకే పెంకులా), ఇంజిన్ ఫ్రేమూ కార్బనే | కార్బన్ మోనోకాక్ | స్టీలు ట్యూబుల ఫ్రేమ్, కాంపోజిట్ ప్యానెళ్ళు |

బరువుల వరుసని జాగ్రత్తగా చదవండి. ఎఫ్40 అంకె ద్రవాలేవీ పోయకముందు తూచినది. దాన్ని పక్క అంకెలతో నేరుగా పోల్చి 'ఇదే అన్నిటికంటే తేలిక' అని స్లైడులో రాస్తే అక్కడే పట్టుకుంటారు.

ఏ కారు తీసుకున్నా చేయాల్సిన లెక్క

పిస్టన్ సగటు వేగం. స్ట్రోక్‌ని మీటర్లలోకి మార్చి, రెండుతో గుణించి, ఆర్పీఎంతో గుణించి, 60తో భాగించాలి. గరిష్ఠ పవర్ వచ్చే ఆర్పీఎం దగ్గర లెక్కేస్తే ఎల్ఎఫ్ఏకి సెకనుకి 22.9 మీటర్లు, ఎఫ్1కి 21.5, కరెరా జీటీకి 20.3, ఎఫ్40కి 16.2 వస్తాయి.

ఇప్పుడు కాలేజీ పార్కింగ్‌లో ఉన్న స్ప్లెండర్ తీసుకోండి. బోర్ 50, స్ట్రోక్ 49.5 మి.మీ. దాని గరిష్ఠ పవర్ కూడా 8,000 ఆర్పీఎం దగ్గరే వస్తుంది. అంటే కరెరా జీటీ ఆర్పీఎం, స్ప్లెండర్ ఆర్పీఎం ఒకటే! అయినా స్ప్లెండర్ పిస్టన్ వేగం 13.2 మీటర్లే. ఆర్పీఎం ఒక్కటి చూసి ఇంజిన్ గొప్పతనం చెప్పకూడదని క్లాసులో ఎంత చెప్పినా ఎక్కదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే వెంటనే ఎక్కుతుంది.

ఎఫ్40 అంకె వేరే కథ చెబుతుంది. ఈ నాలుగు కార్లలో పిస్టన్ వేగం దీనిదే తక్కువ, కానీ లీటరుకి పవర్ అన్నిటికంటే ఎక్కువ. దాదాపు 163 హార్స్‌పవర్. మిగతా మూడూ 103 నుంచి 117 మధ్య ఉన్నాయి. ఇంజిన్‌ని వేగంగా తిప్పి గాలి లాక్కోవడం ఒక దారి, టర్బోతో గాలిని లోపలికి తోయడం ఇంకో దారి. టర్బో ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు లెక్కలోంచే వచ్చేసింది.

లెక్సస్ ఎల్ఎఫ్ఏ: నా మొదటి ఓటు దీనికే

దీని ప్రశ్న ఇది: సగం దారి వచ్చాక అల్యూమినియం వదిలేసి కార్బన్ ఫైబర్‌కి ఎందుకు మారారు?

టొయోటాలో ఈ పని 2000 ప్రాంతంలో మొదలైంది. చీఫ్ ఇంజినీర్ హరుహికో తనహాషి. అల్యూమినియం బాడీతో ప్రోటోటైపులు తిరుగుతుండగా, 2005 ప్రాంతంలో బాడీలో ఎక్కువ భాగం కార్బన్‌కి మార్చాలని నిర్ణయించారు. దాంతో దాదాపు 100 కిలోలు తగ్గింది, కారు బయటికి రావడం మాత్రం ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. మొదటి కారు 2010 డిసెంబరులో తయారైంది.

ఇక్కడ మన ప్రాంతం పిల్లలకి ఒక అదృష్టం ఉంది. ఎల్ఎఫ్ఏలో ముందు అద్దం పక్కనుంచి పైకప్పు అంచు దాకా వెళ్ళే స్తంభాన్ని వృత్తాకార మగ్గం మీద కార్బన్ పోగులతో అల్లారు. టొయోటా కుటుంబం మొదలైందే మగ్గాలతో. సకిచి టొయోడా ఆటోమేటిక్ మగ్గం 1924 నాటిది, కార్ల కంపెనీ 1937లో వచ్చింది. మనకి నగరి, పుత్తూరు వైపు ఏ వీధిలోకి వెళ్ళినా మరమగ్గాల చప్పుడే.

కిందటి ఏడాది నగరిలో ఒక షెడ్డులో గంటసేపు నిలబడ్డాను. ఒక్కాయన నాలుగు మగ్గాలు చూసుకుంటున్నాడు. పేక పోగుని మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటోంది, మాట వినపడే పరిస్థితి లేదు. అంత రొదలోనూ మూడో మగ్గం దగ్గర పడుగులో ఒక్క పోగు తెగిందని ఆయనకి తెలిసిపోయింది. చేత్తో ఆపాడు, రెండు వేళ్ళతో ముడి వేశాడు, మళ్ళీ నడిపాడు. పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోవాలన్నదే టొయోడా మగ్గంలోని గొప్ప ఆలోచన. మనిషి కన్ను చేసే పనిని యంత్రానికి అప్పజెప్పాడు. ఎనభై ఏళ్ళ తర్వాత అదే ఇంటివాళ్ళు కార్బన్ పోగుని మగ్గం ఎక్కించి, అల్లికని లేజర్‌తో కనిపెట్టి చూసుకున్నారు.

సెమినార్‌లో దీన్ని ఇలా చెప్పండి. కార్బన్ పోగు తన పొడవునా లాగితే బలంగా ఉంటుంది, అడ్డంగా అంత బలం ఉండదు. మామూలు బట్టలో పడుగు, పేక ఒకదానికొకటి తొంభై డిగ్రీల్లో ఉంటాయి కదా. కారు స్తంభానికి బలం అన్నిచోట్లా ఒకే దిక్కున రాదు. వంగే చోట ఒకలా, నిలువుగా నొక్కే చోట ఒకలా వస్తుంది. అచ్చు చుట్టూ అల్లుకుంటూ పోతే పోగు కోణాన్ని ఎక్కడికక్కడ మార్చుకోవచ్చు. రేకుని వంచితే ఈ సౌకర్యం ఉండదు.

ఇంజిన్ వైపు కూడా సరుకు దండిగా ఉంది. యమహాతో కలిసి చేసిన వి10, కనెక్టింగ్ రాడ్లూ వాల్వులూ టైటానియం. ఖాళీగా తిరుగుతున్న ఇంజిన్ 9,000 ఆర్పీఎం చేరడానికి 0.6 సెకన్లు చాలు. మామూలు ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదని డిజిటల్ మీటర్ పెట్టారు. ధ్వని గురించి అడిగితే లెక్క చెప్పండి: పది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక్కో చుట్టుకి ఐదుసార్లు మండుతుంది. 9,000 ఆర్పీఎం అంటే సెకనుకి 150 చుట్లు, అంటే 750 హెర్ట్జ్. వి10ని 72 డిగ్రీల కోణంలో పెట్టడం కూడా అందుకే. 720 డిగ్రీలని పదితో భాగిస్తే 72, మంటలు సమాన దూరంలో పడతాయి.

ఇబ్బందులూ చెప్పుకోవాలి. దీని గేర్‌బాక్స్ ఒకే క్లచ్ ఉన్న ఆటోమేటెడ్ రకం. అప్పటికే డబుల్ క్లచ్ గేర్‌బాక్సులు వచ్చాయి, 'మరి ఇది ఎందుకు?' అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఇంకొకటి, కార్బన్ బాడీ అంటూనే 1,480 కిలోలు ఏంటని అడగొచ్చు. పద్దెనిమిదేళ్ళ ముందు వచ్చిన ఎఫ్1 కంటే ఇది 342 కిలోలు ఎక్కువ. ఆ తేడాలో ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్సూ కొంత, ఇంజిన్ ముందు పెట్టి గేర్‌బాక్స్, రేడియేటర్లు వెనక పెట్టిన అమరిక కొంత.

పోర్షే కరెరా జీటీ: క్లచ్ ఒక్కటి పట్టుకున్నా చాలు

దీని ఇంజిన్ లె మాన్స్ 24 గంటల రేసు కారు కోసం సిద్ధం చేసినది. 1999లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, ఇంజిన్ మిగిలింది. దాన్ని పెంచి రోడ్డు కారులో పెట్టారు.

మా ఫైనల్ ఇయర్ అబ్బాయి చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తాను. ఇంజిన్ ఎంత కిందికి దిగితే కారు గరిమనాభి అంత కిందికి దిగుతుంది, మలుపులో బాడీ అంత తక్కువ ఒరుగుతుంది. ఇంజిన్ కింద ఉండే ఆయిల్ సంప్ (ఆయిల్ తొట్టి) అడ్డు రాకుండా, ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పెడతారు. అయినా క్రాంక్‌షాఫ్ట్ కిందికి దిగదు, ఎందుకంటే దాని చివర ఫ్లైవీలు, క్లచ్ ఉంటాయి. క్లచ్ పెద్దదైతే అది నేలకి తగులుతుంది. కాబట్టి క్లచ్ వ్యాసం తగ్గిస్తే ఇంజిన్ మొత్తం కిందికి వస్తుంది. 169 మి.మీ. వెనక కథ ఇది.

కానీ క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి లబ్ధం: ఘర్షణ గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య. వ్యాసార్ధం తగ్గితే మిగతావాటిలో ఏదో పెరగాలి. అందుకే రెండు ప్లేట్లు పెట్టారు, వేడిని తట్టుకోవడానికి సిరామిక్ కాంపోజిట్ వాడారు. అది మోయాల్సింది 590 న్యూటన్ మీటర్లు. ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ క్లచ్ ప్లేటు కూడా ఇంచుమించు ఈ సైజే ఉంటుంది, మోసే టార్క్ మాత్రం ఇందులో చిన్న ముక్క.

దీనికి కట్టిన మూల్యం నడిపేవాడి కాలికి తెలుస్తుంది. క్లచ్, ఫ్లైవీలు బరువు తక్కువ కాబట్టి ఇంజిన్ చటుక్కున పైకి లేస్తుంది, చటుక్కున పడిపోతుంది. మెల్లగా జారనిచ్చే వెసులుబాటు లేదు. కదిలేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకుండా క్లచ్ వదలమని, ఐడిల్‌ని ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుందని పోర్షే వాళ్ళే చెప్పారు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండ్లు ఆగి ఆగి కదులుతుంటే ముందు కారు నుంచి కాలిన వాసన వస్తుంది కదా, అది సగం తొక్కిపెట్టిన క్లచ్ వాసన. మన కార్లలో పెద్ద ప్లేటు ఆ శిక్షని కొంతకాలం భరిస్తుంది.

చూపించడానికి వస్తువు కావాలంటే మెకానిక్ షెడ్డుకి వెళ్ళి మార్చేసిన పాత క్లచ్ సెట్టు అడగండి. ఫేసింగ్ అరిగి రివెట్ తలలు బయటపడి ఉంటాయి. ప్రెషర్ ప్లేటు మీద నీలం రంగు మచ్చలుంటాయి, అవి వేడెక్కిన చోట్లు. ప్యానెల్ ముందు టేబుల్ మీద అది పెట్టి మొదలుపెడితే ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, అంటే మీకు తెలిసిన చోటనే.

ఇందులో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. సేఫ్టీ గురించి మాట్లాడదల్చినవాళ్ళకి ఇది మంచి ఉదాహరణ. గేర్ నాబ్ చెక్కది, పాత 917 రేసు కారు గుర్తుగా. ఆ విషయం చెప్పుకోవడానికి బాగుంటుంది, దాని మీద స్లైడు మాత్రం వేయకండి.

మెక్‌లారెన్ ఎఫ్1: గొప్పది, కానీ అరిగిపోయిన టాపిక్

దీన్ని డిజైన్ చేసిన గార్డన్ మర్రే ప్రశ్న బరువు. బరువు పెరిగితే పెద్ద బ్రేకులు కావాలి, పెద్ద బ్రేకులకి పెద్ద చక్రాలు కావాలి, వాటికి బలమైన సస్పెన్షన్ కావాలి, అన్నీ కలిసి మళ్ళీ బరువు పెంచుతాయి. ఈ చక్రాన్ని వెనక్కి తిప్పాలన్నది ఆయన పట్టుదల. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేక్ బూస్టర్ లేదు, ఏబీఎస్ లేదు. ఇంజిన్ కోసం మొదట హోండాని అడిగారు, వాళ్ళు ఒప్పుకోలేదు. బీఎండబ్ల్యూలో పాల్ రోషే చేసిచ్చారు. ఇంజిన్ బరువు అడిగినదానికంటే 16 కిలోలు ఎక్కువై 266 కిలోలకి చేరింది, పవర్ కూడా అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది. టన్నుకి పవర్ లెక్కేస్తే ఎఫ్1కి 551, కరెరా జీటీకి 443, ఎల్ఎఫ్ఏకి 378.

ఇంజిన్ గది లోపల బంగారు రేకు అతికించారు. ఆడంబరానికి కాదు. బంగారం ఇన్‌ఫ్రారెడ్ వేడిని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది, తుప్పు పట్టదు. ఎగ్జాస్ట్ వేడికి కార్బన్ బాడీలోని రెసిన్ మెత్తబడకుండా అది కాపాడుతుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ ఇష్టమైనవాళ్ళు రేడియేషన్ మీద ఒక చక్కటి లెక్క ఇక్కడ చేయొచ్చు.

1995లో లె మాన్స్ గెలిచింది, 1998లో ఆండీ వాలెస్ గంటకి 386.4 కిలోమీటర్లు నడిపాడు. ఇవి అందరూ చెప్తారు, ప్యానెల్‌కి అప్పటికే కంఠస్థం. దీన్ని తీసుకునేట్టయితే కారంతా వదిలేసి బంగారు రేకునో, బరువు చక్రాన్నో ఒక్కదాన్నే పట్టుకోండి.

ఎఫ్40, ఇంకా టి.50

ఎఫ్40 టర్బో ఇష్టపడేవాళ్ళకి. ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన చివరి కారు, కంపెనీ నలభై ఏళ్ళ గుర్తుగా చేశారు. లోపల డోర్ హ్యాండిల్ బదులు తాడు ఉంటుంది. చెప్పుకోదగ్గ ప్రశ్న టర్బో ల్యాగ్. చిన్న ఇంజిన్, పెద్ద బూస్ట్, మధ్యలో ఆగి వచ్చే తోపు. థర్మోడైనమిక్స్ గట్టిగా వచ్చినవాళ్ళయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) లెక్కతో అదరగొట్టొచ్చు. రానివాళ్ళు వద్దు.

ఈ నాలుగూ కాకుండా కొత్తది కావాలంటే మర్రేదే టి.50 ఉంది. 2020లో చూపించారు, 100 కార్లు. వెనక 400 మి.మీ. ఫ్యాను పెట్టి కారు కింద గాలిని లాగుతారు. వి12 ఇంజిన్ 12,100 ఆర్పీఎం దాకా తిరుగుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ వాళ్ళకీ, ఈసీఈ స్నేహితుడితో కలిసి చేసేవాళ్ళకీ ఇది బాగుంటుంది. 1978లో స్వీడన్ ఫార్ములా వన్ రేసు గెలిచిన బ్రబమ్ ఫ్యాన్ కారు దగ్గర మొదలుపెట్టి దీని దాకా రండి.

ఎవరికి ఏది

ప్రొడక్షన్, మెటీరియల్స్ ఇష్టమైతే ఎల్ఎఫ్ఏ తీసుకోండి. ఇంట్లో మగ్గం ఉన్న పిల్లలైతే ఇంకేమీ ఆలోచించకండి. పడుగు, పేక, కండె, నాడె అని మీకు చిన్నప్పటినుంచి తెలిసిన మాటలతోనే కాంపోజిట్స్ చెప్పగలరు. అది పుస్తకం చదివి వచ్చినవాళ్ళకి సాధ్యం కాదు.

మెషీన్ డిజైన్ ఇష్టమైతే కరెరా జీటీ. సెమినార్‌కి రెండు వారాలే ఉంటే కూడా ఇదే, ఎందుకంటే క్లచ్ సూత్రం సిలబస్‌లోనే ఉంది, వస్తువు షెడ్డులో దొరుకుతుంది. సభ ముందు మాట్లాడాలంటే వణుకు వచ్చేవాళ్ళకి కూడా నేను దీన్నే చెప్తాను. చేతిలో ఒక వస్తువుంటే వణుకు సగం తగ్గుతుంది.

హీట్ ట్రాన్స్‌ఫర్ వాళ్ళు ఎఫ్1, థర్మల్ వాళ్ళు ఎఫ్40. ఇద్దరు కలిసి చేస్తుంటే ఎల్ఎఫ్ఏనీ ఎఫ్1నీ పక్కపక్కన పెట్టి, 342 కిలోల తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కొక్కటిగా వెతకండి. ఇండస్ట్రియల్ విజిట్‌కి శ్రీసిటీ వెళ్ళినవాళ్ళు అక్కడ చూసిన స్టీలు బాడీ వెల్డింగ్‌ని కార్బన్ మోనోకాక్ పక్కన పెట్టి చెప్పొచ్చు, ఆ పోలిక బాగా పండుతుంది.

నగరికి వెళ్ళేట్టయితే ఉదయాన్నే వెళ్ళండి, ముందురోజే షెడ్డు యజమానికి ఫోన్ చేసి అడగండి. మగ్గం నడుస్తుండగా చేతులు దగ్గరికి పెట్టకండి, చున్నీ ఉంటే గట్టిగా కట్టుకోండి. వచ్చేటప్పుడు తెగిన పోగులు ఒక గుప్పెడు అడిగి తెచ్చుకోండి. మూడు పోగులు తీసుకుని పెన్ను చుట్టూ జడలా అల్లి, కోణం మారుస్తూ రెండు చివర్లు పట్టుకుని లాగి చూడండి. ఏ కోణంలో సాగుతుందో, ఏ కోణంలో బిగుసుకుంటుందో రాసుకోండి. మీ మొదటి స్లైడు అదే.